పాట ఎత్తుకునే చోటు

కార్డిఫ్,
ఆదివారం రాత్రి

చిరంజీవి కోడలు పిల్లకు మీ అత్త ఆశీర్వదించి రాయునది.

అక్కడ నాయినమ్మ మోకాళ్ల నొప్పి తప్ప అందరూ బాగున్నరని మీ నాయిన నిన్న ఫోన్లో చెప్పిండు. అసలు సంగతి మాత్రం ఫోన్ పెట్టేసే ముందు చెప్పిండు. హైదరాబాదులో టీవీవాళ్లు పెట్టే పిల్లల పాటల పోటీకి నువ్వు మొదటి వడపోత దాటినవట. ఇంకో మూడు వారాలకు, ఆదివారం నాడు, రెండోది ఉందట. విన్నప్పటి నుంచి సంతోషం సగం, భయం సగం. ఫోన్లో చెప్తే ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తవు. కాగితం మీద ఉంటే ఎప్పుడన్నా తీసి చదువుకుంటవని రాస్తున్న.

ముందు ఒక ముచ్చట చెప్త, విను.

నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో, 2018 నవంబర్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం డ్యూటీలో ఉన్న. మా వార్డులో ఎనభై దాటిన ముసలమ్మ ఒకామె ఉండేది. వేల్స్ ఉత్తరాన కొండల్లో పుట్టిన మనిషి. ఇంగ్లీషు మంచిగా మాట్లాడేది కానీ, నొప్పి లేచినప్పుడు మాత్రం వెల్ష్‌లోనే మూలిగేది. ఆ రోజు టీవీ పెట్టుమని ఒకటే పోరు. పెడితే పిల్లల పాటల పోటీ వస్తున్నది. జూనియర్ యూరోవిజన్ అంటరు. యూరప్ ప్రసార సంస్థల సంఘం 2003 నుంచి నడుపుతున్నది. దేశానికి ఒక్క పాట, మూడు నిమిషాలు దాటొద్దు. ఆ ఏడు బెలారస్ రాజధాని మిన్స్క్‌లో 20 దేశాల పిల్లలు పాడిండ్రు. వేల్స్ తన సొంత పేరుతో దిగడం అదే మొదలు. మానూ అనే అమ్మాయి 'పెర్తా' అనే పాటను వెల్ష్‌లో పాడింది.

మార్కులు చెప్పిండ్రు. వేల్స్‌కు ఇరవయ్యో స్థానం. ఇరవై మందిలో ఇరవయ్యో స్థానం అంటే ఏందో నీకు చెప్పక్కర్లేదు. ముసలమ్మ మొహం చూడలేక నేను మందుల ట్రే సర్దుతున్నట్టు నటించిన. ఆమె నా చెయ్యి పట్టుకుని, "విన్నవా? అన్ని దేశాలోళ్లు మా మాట విన్నరు" అన్నది. రాత్రి నేను డ్యూటీ దిగేదాకా ఆ పాట ముక్క కూనిరాగం తీస్తనే ఉన్నది. ఆ ఏడు గెలిచింది పోలండ్ పాట. మా వార్డులో దాన్ని ఎవరూ కూనిరాగం తీయలేదు.

ఆ వెల్ష్ ఎంతమంది భాష అనుకుంటున్నవు? 2021 జనాభా లెక్కల ప్రకారం వేల్స్‌లో అది వచ్చినవాళ్లు దాదాపు 5 లక్షల 38 వేల మంది. మన తెలుగు మాట్లాడేవాళ్లు 2011 లెక్కల్లోనే 8 కోట్ల పైచిలుకు. అంత చిన్న భాషకు టీవీ ఛానెల్ కూడా ఊరికే రాలేదు. ఇస్తమన్న ప్రభుత్వం మాట తప్పితే, 1980లో గ్విన్‌ఫర్ ఎవాన్స్ అనే నాయకుడు ఆమరణ దీక్షకు కూర్చుంటనన్నడు. ఆయన కూర్చోకముందే ప్రభుత్వం దిగొచ్చింది. 1982లో ఎస్‌ఫోర్‌సీ అనే వెల్ష్ ఛానెల్ మొదలైంది. దీక్ష అంటే ఏందో, మాట తీరును ఎగతాళి చేస్తే ఎట్లుంటదో మన తెలంగాణోళ్లకు ఒకరు చెప్పాలెనా? ఆ ఛానెలే ఈ పిల్లను మిన్స్క్ పంపింది. మరుసటేడు పోలండ్‌లోని గ్లివిట్సేకు ఇంకో పిల్లను పంపితే 19 పాటల్లో 18వ స్థానం వచ్చింది. వేల్స్ తన పేరుతో దిగింది ఆ రెండు సార్లే. 2022లో బ్రిటన్ మొత్తానికి కలిపి ఒక ఇంగ్లీషు పాట పోతే అయిదో స్థానం వచ్చింది. లెక్కలో చూస్తే అదే గొప్ప. మా ముసలమ్మ లెక్క వేరే.

ఆ పోటీలో మన దేశం లేదు. అయినా నీకెందుకు చెప్తున్ననంటే, దాని పద్ధతుల్లో రెండు నాకు బాగా నచ్చినయి.

ఒకటి, పాటలో ఎక్కువ భాగం ఆ దేశపు భాషలోనే ఉండాలె. ఇంగ్లీషు లాంటి పరాయి మాటలు కొంత మేరకే. 2015లో చేరిన ఐర్లండ్ కూడా అట్లనే ఐరిష్‌లో పాడించింది. జార్జియా అని కాకసస్ కొండల కింద ఒక దేశం ఉంది. మొత్తం జనం 37 లక్షలు. 2011లో మన పాత రంగారెడ్డి జిల్లా ఒక్కదాని జనాభానే దాదాపు 53 లక్షలు. ఆ జార్జియా 2008, 2011, 2016, 2024లో నాలుగు సార్లు గెలిచింది. 2008లో అయితే ముగ్గురు పిల్లలు తేనెటీగల లెక్క వేషం కట్టి, ఏ భాషా కాని ఝుమ్మనే చప్పుళ్లతోనే పాట పాడి గెలిచి పోయిండ్రు. ఊరు చిన్నదని, భాష ఎవరికీ తెలియదని పిల్లలు వెనకబడరు. మనది ముడిమ్యాల అని చెప్పడానికి నువ్వు గొంతు తగ్గించకు. "హైదరాబాద్ దగ్గర" అని తప్పించుకోకు. ముడిమ్యాల, చేవెళ్ల మండలం అని చెప్పు.

రెండోది ఇంకా మంచి పద్ధతి. 2005 నుంచి 2015 దాకా ఓట్లు మొదలుకాకముందే ప్రతి దేశానికి 12 మార్కులు వేసిపెట్టేటోళ్లు. ఏ పిల్లా సున్నాతో ఇంటికి పోవద్దని. పెద్దోళ్ల పోటీలో ఈ ఏర్పాటు లేదు. వాళ్లకు సున్నా వచ్చినా తట్టుకుంటరు, పిల్లలు తట్టుకోలేరని ఎవరో ఆలోచించి పెట్టిండ్రు. నువ్వు పోయే పోటీలో అట్ల ఎవరూ వేయరు. అందుకని ఆ పన్నెండు నేను ఇక్కడి నుంచి వేస్తున్న. మిగతావి ఎన్ని వచ్చినా వాటి మీదనే లెక్క.

నాకు ఆ పన్నెండు ఎవరూ వేయలేదు కాబట్టి చెప్తున్న. నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు పట్నంలో ఒక పాటల పోటీకి పోయిన. పాట తప్పు పోలేదు. పాడినంక పేరు, ఊరు అడిగిండ్రు, చెప్పిన. అక్కడ కూర్చున్న ఒక పెద్దాయన నవ్వి, "పాట బాగుంది పాపా, ఆ యాస పోయాక రా" అన్నడు. అంతే. నేను పాట బంద్ పెట్టిన. బతుకమ్మ ఆడేటప్పుడు కూడా వెనక నిలబడి పెదవులు ఆడించేదాన్ని. ఇరవై ఏండ్లు! ఆ మాట అన్న ఆయన ఇంటికి పోయి అన్నం తిని మర్చిపోయి ఉంటడు. నేను మోసుకుంట తిరిగిన. తప్పు ఆయనదే. కానీ ఇన్నేండ్లు మోసినందుకు నన్ను నేను కూడా తిట్టుకుంట. మిన్స్క్‌లో అందరికంటే వెనకబడ్డ పాటను ఆ ముసలమ్మ పాడుకుంటుంటే నాకు సిగ్గనిపించింది.

ఇక అసలు పాట ముచ్చట. నాకు సరిగమలు రావు. నాకు తెలిసిందంతా మీ నాయినమ్మ దగ్గర నేర్చిందే. ఒకటి మాత్రం బాగా గుర్తుంది.

నాకు పదేండ్లు ఉంటయి. ఎంగిలిపూల నాడు వాడకట్టు ఆడోళ్లంతా బతుకమ్మలు పెట్టి చుట్టూ నిలబడ్డరు. నాయినమ్మకు గొంతు పట్టేసి ఉంది. "నువ్వు ఎత్తుకో బిడ్డా" అన్నది. నాకు ఎక్కడలేని హుషారు. నా గొంతు అందరికీ వినపడాలెనని మొదటి మాటే పైన ఎత్తుకున్న. ఒక చుట్టు తిరిగేసరికి "ఉయ్యాలో" అనేటోళ్ల గొంతులు ఒక్కొక్కటి జారిపోయినయి. కొందరు కిందికి దిగిండ్రు, కొందరు ఊకున్నరు. పాట పైకి పోయేకాడ నా గొంతు కూడా చీలింది. వెనక ఎవరో కిసుక్కుమన్నరు. నాయినమ్మ చప్పట్లు ఆపలేదు, నా వీపు మీద చెయ్యి వేసింది. పట్టేసిన ఆ గొంతుతోనే, నేల మీద కూర్చుని మాట్లాడినంత కిందికి దించి మళ్లీ మొదలుపెట్టింది. నలభై మంది ఒక్కసారి అందుకున్నరు. నా ఒళ్లు జలదరించింది.

ఇంటికి పోయేటప్పుడు అన్నది: "మొదాలే గంత పైన ఎత్తుకుంటె, పైకి పోవాల్సొచ్చినప్పుడు ఏడికి పోతవే? నీ ఎనుక నలుగురు అందుకోవాలె గద!"

దీనికి మించిన సంగీత పాఠం నాకు ఎవరూ చెప్పలేదు. నీకు అక్షరాలా పనికొచ్చే పాఠం ఇది. పాట ఎంచుకున్నంక ముందు పల్లవి చూడకు. చరణంలో అన్నిటికంటే పైన ఉండే చోటు ఎక్కడో వెతుకు. అక్కడ మెడ నరాలు ఉబ్బకుండా, కళ్లు చిట్లించకుండా నవ్వుకుంట పాడగలుగుతున్నవా? పాడితే అదే నీ శ్రుతి. లేకుంటే ఒక మెట్టు దించు. సినిమా పాటల ట్రాకులు పాడినోళ్ల గొంతుకు తగ్గట్టు ఉంటయి, పన్నెండేండ్ల ఆడపిల్ల గొంతుకు కాదు. "నాది ఈ శ్రుతి, ట్రాక్ దీంట్లకు మార్చి ఇయ్యుండ్రి" అని ముందే అడుగు. అడిగితే పొగరు అనుకోరు, పాట తెలిసిన పిల్ల అనుకుంటరు. స్టేజీ మీద గుండె కొట్టుకుంటుంటే ఊపిరి పొట్టిదైతది. ఇంట్లో ఒక్క ఊపిరిలో పోయే వరుస అక్కడ పోదు. అందుకని ఊపిరి ఎక్కడెక్కడ తీసుకుంటవో పాట కాగితం మీద పెన్సిల్‌తో గీతలు పెట్టుకో. మాట మధ్యలో మాత్రం తీసుకోకు, అర్థం తెగిపోతది.

రెండో మాట. నీ వయసు పాట ఎంచుకో. పన్నెండేండ్ల పిల్ల విరహం పాడితే ఇంట్లోవాళ్లు చప్పట్లు కొడ్తరు, వినేవాళ్లకు ఇబ్బంది. నీకు తెలిసిన సంగతులు తక్కువేమీ కాదు. వాన, బడి, ఊరు, అమ్మ, దేవుడు, పంట. వీటి మీద తెలుగులో ఉన్న పాటలు నీ జన్మంతా పాడినా ఒడవయి.

మూడో మాట మాటల గురించే. 1996లో ఈటీవీలో 'పాడుతా తీయగా' మొదలైనప్పుడు నేను బడికి పోయే పిల్లను. మన దగ్గర ఒకరిద్దరి ఇండ్లల్లోనే టీవీలో ఆ ఛానెల్ వచ్చేది. గడప దగ్గర కూర్చుని చూసేవాళ్లం. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు పిల్లలను దిద్దే తీరు చూడాలె. సంగతి తప్పినా సర్దుకుంటరేమో గానీ ళ దగ్గర ల, ణ దగ్గర న పలికితే ఊకునేటోళ్లు కాదు. పాట పాడే ముందు అది ఎవరు రాసిండ్రు, ఎవరు బాణీ కట్టిండ్రు, ఎవరు పాడిండ్రు అని చెప్పాల్సిందే. ఆయన శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకున్న మనిషి కాదు. కుర్రతనంలో పోటీల్లో పాడి పైకొచ్చినోళ్లే. ఎస్పీ కోదండపాణి గారు ఆ గొంతును పట్టుకుని 1966లో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న'లో మొదటి సినిమా పాట పాడించిండ్రు. తర్వాత ఈయన సొంతంగా రికార్డింగ్ థియేటర్ కట్టుకుని దానికి కోదండపాణి పేరే పెట్టుకున్నరు. 2020 సెప్టెంబర్ 25న పోయేదాకా గురువు పేరు తలవకుండా ఉండలేదు. పాట రాసినోళ్ల పేరు, బాణీ కట్టినోళ్ల పేరు తెలియకుండా స్టేజీ ఎక్కకు. అది అన్నం పెట్టినోళ్ల పేరు అడగకపోవడం లాంటిది.

అయితే ఇక్కడ ఒక తేడా ఉంది, తెలుసుకో. పాటలో కవి రాసిన మాటను కవి రాసినట్టే పలకాలె. అది ఆయన సొమ్ము. పాట అయినంక యాంకర్ అడిగిన దానికి చెప్పే జవాబు నీ సొమ్ము. "వచ్చిన", "పోయిన" అని మన తీరుగానే మాట్లాడు. నన్ను అన్నట్టు నిన్ను ఎవరన్నా అంటే, నవ్వి దండం పెట్టి దిగిరా. మన వరంగల్ దిక్కు చల్లగరిగె అనే ఊర్లో పుట్టిన చంద్రబోస్ గారు రాసిన 'నాటు నాటు'ను 2023 మార్చిలో ఆస్కార్ స్టేజీ మీద రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ తెలుగులోనే పాడిండ్రు. అక్కడోళ్లకు ఒక్క మాట అర్థం కాకున్నా లేచి చప్పట్లు కొట్టిండ్రు. ఆ రోజు మా ఆసుపత్రిలో కేరళ నర్సులు, ఫిలిప్పీన్స్ నర్సులు వచ్చి "మీ భాషే కదా" అని నన్ను అడిగిండ్రు. అవునని చెప్పేటప్పుడు నా గొంతు ఎంత పైకి లేచిందో!

ఇంకో సంగతి. స్టేజీ మీద ఇంటి కష్టాలు అడుగుతరు. నాయిన అప్పు, నాయినమ్మ రోగం, వాన పడక ఎండిన చేను. కెమెరా దగ్గరికి తెచ్చి కళ్లలోకి చూస్తరు. ఏడుపొస్తే ఏడువు, తప్పులేదు. కానీ ఏడ్పించాలని అడిగే దానికి జవాబు చెప్పాల్సిన పని నీకు లేదు. "మా ఇంట్లో అందరూ మంచిగున్నరు" అని ఊకో. పాటకు మార్కులు ఉంటయి, కన్నీళ్లకు ఉండయి.

ఈ ముక్క మీ నాయినకు చదివి వినిపించు. అన్నా, పద్నాలుగేండ్ల లోపు పిల్లలు టీవీలో పాడితే దానికి చట్టం ఉంది. బాల కార్మిక చట్టం కింద 2017లో వచ్చిన నియమాల ప్రకారం రోజుకు 5 గంటలు మించొద్దు, విరామం లేకుండా 3 గంటలు మించి కూర్చోబెట్టొద్దు. వరుసగా 27 రోజులు మించొద్దు. చదువు ఆగొద్దు. పిల్ల ఇష్టం లేకుండా పాడించొద్దు. డబ్బులు ఏమన్నా వస్తే అందులో కనీసం 20 శాతం పిల్ల పేరు మీద బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేయాలె. రాత్రి పన్నెండు దాకా షూటింగ్ అంటే "మా పిల్ల పండుకోవాలె" అని చెప్పే హక్కు నీకు ఉంది. ఆ మాట అనడానికి మొహమాటపడకు. సంతకం పెట్టే ముందు కాగితం చదివించుకో.

ఇక నర్సుగా నా మాటలు. పోటీకి పది రోజుల ముందు నుంచి కబడ్డీ ఆటలో అరుపులు బంద్. గొంతు బొంగురుపోతే గుసగుసగా మాట్లాడకు, దానితో ఇంకా దెబ్బ తింటది. పూర్తిగా ఊకో. నీళ్లు గంటకోసారి తాగు. ఐస్‌క్రీమ్ తింటే గొంతు పోతదో లేదో గానీ, జలుబు చేసిన పిల్లల పక్కన కూర్చుంటే మాత్రం పోతది. ముక్కు కారేటోళ్లకు దూరంగా ఉండు. బొంగురు రెండు మూడు వారాలైనా పోకుంటే గొంతు డాక్టరుకు చూపించాలె. చేవెళ్ల నుంచి మెహదీపట్నం బస్సులో కిటికీ పక్కన కూర్చోకు. ఆ బీజాపూర్ రోడ్డు మర్రిచెట్లు చూడాలని నీకు ఉంటది, నాకు తెలుసు. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా రోడ్డు వెడల్పు చేస్తమంటే ఆ చెట్ల కోసం కోర్టు దాకా పోయినోళ్లున్నరు. చూసే చెట్లే. కానీ పోయేటప్పుడు ముక్కుకు రుమాలు కట్టుకుని దుమ్ము తప్పించుకో, వచ్చేటప్పుడు తీరిగ్గా చూడు. స్టూడియోలో ఏసీ చలి ఎక్కువ ఉంటది. స్వెటర్ పెట్టుకో. సద్ది కట్టుకుని పో. అక్కడ ఎప్పుడు పిలుస్తరో తెలియదు, ఆకలితో పాడితే గొంతు వణుకుతది.

ఇక నా సంగతి కూడా చెప్పి ముగిస్త. మొన్న బతుకమ్మకు ఇక్కడ మా తెలుగోళ్లం ఒక హాలు కిరాయికి తీసుకున్నం. తంగేడు లేదు, గునుగు లేదు. సూపర్‌మార్కెట్ చామంతులతో, గులాబీలతో పేర్చినం. పాట ఎత్తుకునేకాడికి వచ్చేసరికి అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నరు. ఫోన్లో పాట పెడదమని ఎవరో అన్నరు. నేను ముందుకు పోయిన. కింద, నాయినమ్మ దించిన కాడికి దించి ఎత్తుకున్న. ముప్పై మంది అందుకున్నరు. ఇక్కడ పుట్టి తెలుగు సరిగా రాని పిల్లలు కూడా "ఉయ్యాలో" అన్నరు. ఆ పెద్దాయన చెప్పిన యాస పోలేదు. అదే యాసతో పాడిన.

నువ్వు గెలిస్తే ఊరంతా ఫ్లెక్సీ కడ్తరు, నాకు తెలుసు. గెలవకుంటే ఎవరూ ఏమనరు, అది ఇంకా కష్టంగా ఉంటది. రెండిట్లో ఏది అయినా ఆ రాత్రి ఇంటికి రాగానే కాళ్లు కడుక్కుని, నాయినమ్మ మంచం పక్కన కూర్చుని, ఆ పాట ఆమెకు ఒకసారి పాడి వినిపించు. ఆమెకు టీవీ సరిగా వినపడదు. దగ్గరికి పోయి పాడాలె.

మరునాడు సోమవారం. బడి ఉంటది, మర్చిపోకు.

ఇట్లు,
మీ అత్త